సముద్రయానమా, నదీయానమా?

ప్రాచీన క్షేత్రములను చూడగోరువారు ఓడనెక్కి సముద్రముమీద పోవుట మేలా, లాంచి నెక్కి నదిమీద పోవుట మేలా? కొంతకాలము క్రిందటివఱకు విశాఖపట్టణమున ఈ ప్రశ్న పుట్టుటకే తావు లేదు. 2022 జూన్ నెలలో విహారనౌక యొకటి ఇచ్చటి రేవునుండి ప్రయాణికుల నెక్కించుకొని దక్షిణదిక్కునకు బయలుదేరినది. 2023లో అట్టి నౌకలకొఱకే రేవునందు ప్రత్యేకమైన టెర్మినల్ వెలసినది. జనులు దీనిని క్రూజు అనుచున్నారు. ఇంకొకవైపు కృష్ణపై నాగార్జునకొండకును, గోదావరిపై పాపికొండలకును లాంచీలు తిరుగుచునే యున్నవి. ఆ సంవత్సరము జనవరిలోనే వారణాసినుండి డిబ్రూగఢ్‌వఱకు 51 దినములు సాగు నదీవిహారమును ఉత్తరదేశమున ప్రారంభించిరి. కావున సెలవులు కలిసివచ్చినప్పుడు మధురవాడలోని గృహస్థులు సైతము ఈ తూకము వేయుట వింత కాదు.

మాటవరసకు ప్రశ్న క్రొత్తదిగాని, విషయము మిగుల ప్రాతది. చీనాదేశపు యాత్రికుడగు ఫాహియాను క్రీ. శ. అయిదవ శతాబ్ది ఆరంభమున పాటలీపుత్రమునుండి గంగవెంట తామ్రలిప్తి రేవునకు దిగి, అచ్చట వర్తకుల ఓడ నెక్కి పదునాలుగు దినములలో సింహళము చేరెను. అటనుండి స్వదేశమునకు మరలునపుడు ఓడకు చిల్లి పడి నీరు చొచ్చెను. వర్తకులు సరకులను సముద్రమున పాఱవేయసాగిరి. తన గ్రంథములను, విగ్రహములను ఎక్కడ విసరివేయుదురోయని వెఱచి, ఆయన తన కూజాను, పాత్రను తానే నీటిపాలు చేసెనట. రెండువందల యేండ్లకు పైబడి వచ్చిన హ్యూయన్‌త్సాంగు సముద్రము జోలికి పోలేదు. ఐనను గంగానదిపై దొంగలకు చిక్కి, దుర్గకు బలి కావలసినవాడై, అకస్మాత్తుగా లేచిన గాలివాన పుణ్యమున బ్రతికి బయటపడెను. నది క్షేమమనియు, సముద్రము ప్రమాదమనియు మనము అనుకొనుచుందుము. అది పూర్వులయెడల చెల్లలేదు, మనయెడలను చెల్లదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన, గోదావరి వరదమీద నుండగా, పాపికొండల విహారమునకు పోయిన లాంచి కచ్చులూరుకడ మునిగి పదులకొలది ప్రాణములు పోయినవి. నదిని చులకన చేయువారికి ఈ యొక్క దృష్టాంతము చాలును.

ఓడప్రయాణమునందలి చిక్కు మఱియొకటి. పెద్ద ఓడకు లోతైన నీరు కావలెను. ప్రాచీనులు రేవులు కట్టుకొన్నది నదీముఖములందు. నది తెచ్చిన ఒండ్రు ఆ ముఖములను పూడ్చుచు, సముద్రమును వెనుకకు నెట్టుచు వచ్చినది. టైబరు నదీముఖమున రోమునగరమునకు రేవై వెలసిన ఓస్టియా నేడు మెట్టనేల. రోమును చూడవచ్చు విహారనౌకలు చివిటవెక్కియా అను వేఱొక రేవున ఆగును. ప్రయాణికులు అచ్చటనుండి డెబ్బది కిలోమీటర్లకు మించి రైలులోనో బస్సులోనో పోవలెను. ఆసియామైనరులోని ఎఫెససు గతియు ఇదియే. ఓడలో పోవువాడు ప్రాచీన నగరమును చూచుట నిజమే, కాని ప్రాచీనులు దానిని చేరిన దారిని మాత్రము చూడడు. నైలునది మాట వేఱు. ప్రవాహము ఉత్తరమునకు, గాలి తఱచుగా దక్షిణమునకు. దిగువకు పోవుటకు ప్రవాహము, ఎగువకు పోవుటకు తెరచాప. దేవాలయములు గట్టులమీదనే యుండుటచే లక్సరునుండి అస్వానుకు పడవలో పోవువాడు పూర్వులు పోయిన దారిని తు. చ. తప్పక పోవుచున్నాడని చెప్పవచ్చును.

మన దేశమున ఓస్టియాకు జోడు ఘంటసాల. కృష్ణాడెల్టాలోని ఈ గ్రామము నేడు సముద్రమునకు దూరముగా పొలముల నడుమ నున్నది. క్రీ. శ. రెండవ శతాబ్దివాడగు టాలమీ తన భూగోళమున దీనినే కొంటకొస్సిలయను వర్తకస్థానముగా పేర్కొనెను. శాసనములలోని కంటకసోల ఇదియే. ఇచ్చటి శాసనమొకటి శివకుడను ‘మహానావికు’ని పేర్కొనుచున్నది. ఓడ నడుపు వృత్తిని బిరుదముగా ధరించి, రాతిపై చెక్కించుకొన్న ఒక తెలుగునాటివాని పేరు మనకు దక్కుట సామాన్యమైన సంగతి కాదు. రాజుల పేర్లు కావలసినన్ని కలవు, నావికుల పేర్లు ఎన్ని కలవు? రెండు తెరకొయ్యల ఓడబొమ్మతో శాతవాహనులు వేయించిన నాణెములు ఈ కోస్తాలోనే దొరకుచున్నవి.

ఘంటసాలనుండి కృష్ణవెంట ఎగువకు పోయినచో అమరావతి, దానికి ఎగువను నాగార్జునకొండ. ఈ మూడును ఒకే దారిపై నుండినవని చెప్పుటకు ఊహ అక్కఱలేదు. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని కాలమున బోధిశ్రీయను ఉపాసిక నాగార్జునకొండలో వేయించిన శాసనమే సాక్ష్యము. ఆమె విజయపురికి చేరువను సింహళ భిక్షువులకొఱకు చైత్యగృహము కట్టించినది. అంతటితో ఊరకుండక, నదికి దిగువను ఎక్కడో యున్న కంటకసోలలో మహాచైత్యపు తూర్పువాకిట రాతిమండపము నిలిపినది. ఆ సింహళ భిక్షువులు ధర్మము బోధించిన దేశములని కాశ్మీరము, గాంధారము, చీనా, తోసలి, వంగము, వనవాసి, యవనము, ద్రమిళము, పాలూరు మున్నగువానిని పేర్కొన్నది. లోయలో నివసించు ఒక గృహిణి దానపత్రమున ఇన్ని దేశముల పేర్లు చేరినవనగా, ఆ వార్తలను మోసికొనివచ్చిన దారి కృష్ణానదియేయని మా నమ్మకము.

ఆ దారి యిప్పుడు లేదు. నది యున్నది, దారి లేదు. 1855 నాటికి బెజవాడకడ ఆనకట్ట, దాని చోట 1957లో ప్రకాశం బ్యారేజి, ఎగువను పులిచింతల, ఆపైని నాగార్జునసాగరము. ఘంటసాల దిక్కునుండి బయలుదేరిన పడవ నాగార్జునకొండ చేరజాలదు. గోదావరిపై కాటన్‌దొర 1852లో పూర్తిచేయించిన ధవళేశ్వరపు ఆనకట్టయు అట్టిదే. ఐతే ఆ ఆనకట్టలే కాలువల నిచ్చినవి. రాజమహేంద్రవరమున పడవ నెక్కినవాడు ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువల మీదుగా మద్రాసువఱకు పోగలుగుచుండెను. 1890ల పిమ్మట రైలు ఆ ప్రయాణికులను తీసికొనిపోయినది.

నాగార్జునకొండ సంగతి కొంత నిదానముగా చెప్పవలెను. 1926లో ఏ. ఆర్. సరస్వతి ఈ శిథిలములను గుర్తించెను. పిదప లాంగ్‌హర్‌స్టు కొన్నియేండ్లు త్రవ్వించెను. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. నీరు నిండుటకు ముందే లోయనంతటిని పరిశోధింపవలెనని 1954 మొదలు 1960వఱకు ఆర్. సుబ్రహ్మణ్యము గారి ఆధ్వర్యమున త్రవ్వకములు సాగినవి. ముప్పదికి పైగా బౌద్ధసంఘముల కట్టడములు, స్నానఘట్టము, ప్రేక్షకులు కూర్చుండు మెట్లతో క్రీడారంగము, ఒక రాజధాని యావత్తు బయటపడినది. తొమ్మిది కట్టడములను విప్పి వేఱుచోట మరల కట్టిరి. పదునాలుగింటికి నమూనాలు చేసిరి. మిగిలినది జలాశయములో మునిగినది. ఒకప్పుడు లోయకు కాపలా కాచిన కొండ నేడు ద్వీపము. నైలునదిపై అబూసింబెల్ ఆలయమును 1964-68 నడుమ ముక్కలుగా కోసి ఎత్తున నిలిపిన పని లోకమంతయు ఎఱిగినది. దానికంటె ముందే మన ఇంజనీర్లును, పురాతత్త్వశాఖవారును ఈ పనికి పూనుకొనిరి. ఆ ఖ్యాతి వారికి రావలసినంతగా రాలేదు.

విజయపురి సౌత్‌నుండి లాంచి సుమారు గంటసేపు పోవును. ఆ గంటయు పడవ క్రింద మునిగిన పట్టణపు లోయయే యున్నదని చెప్పువారు లాంచిలో తఱచుగా ఉండరు. పిల్లలు నీటి తుంపరలతో ఆడుకొందురు, పెద్దలు పలహారపు పొట్లములు విప్పుదురు. తప్పు పట్టుట లేదు. ఐనను, నీటి తగవును తీర్చి లక్షల ఎకరములను తడుపుటకు ఈ లోయను వెలగా ఇచ్చిరని తెలిసి పోవుట వేఱు, తెలియక పోవుట వేఱు. ఆ వెల తగినదా కాదాయని ఇంటికి పోయి వాదించుకొనవచ్చును. మేము తగినదనియే తలంతుము, కాని నొప్పి లేకుండ మాత్రము కాదు.

అమరావతి శిల్పములు నీటిలో మునుగలేదు, నీటిమీద తరలిపోయినవి. 1797లో మెకంజీ చూచిన దిబ్బను 1845లో వాల్టరు ఇలియట్ త్రవ్వించెను. ఆ చలువరాళ్లు మద్రాసు చేరి, యేండ్లతరబడి ఆరుబయట ఎండకు వానకు పడియుండి, 1859లో ఓడనెక్కి లండను పోయినవి. అమరావతిని సంపూర్ణముగా చూడవలెనన్నచో సముద్రయానము తప్పదని హాస్యమునకు అనవచ్చును.

పాపికొండలను గూర్చి ఎక్కువ చెప్పము. దారిలోని పట్టిసము వీరభద్రస్వామి యాలయమును మినహాయించినచో, ఆ విహారమున చూడదగినది ప్రకృతి, చరిత్ర కాదు.

ఇక మన ముంగిటి కొండలు. మధురవాడకు తూర్పున సముద్రమునకు అభిముఖముగా తొట్లకొండయు, దానికి చేరువను బావికొండయు, భీమునిపట్టణముకడ గోస్తనీనది సముద్రమున కలియు తావున పావురాళ్లకొండయు వరుసగా నున్నవి. 1970-80 నడుమ నౌకాదళమువారు స్థావరము కొఱకు విమానముపైనుండి సర్వే చేయుచుండగా తొట్లకొండ వెలుగులోనికి వచ్చినది. 1988లో త్రవ్వకములు మొదలైనవి. స్తూపములు, చైత్యములు, భిక్షువుల గదుల వరుసలు, భోజనశాల, శాతవాహనుల నాణెములు, వానితోపాటు రోమను వెండి నాణెములు దొరకినవి. బావికొండలో ఒక పాత్రయందు ఎముక తునక దొరకినది. బుగ్గలు లేని కొండనెత్తిన వాననీటిని నిలుపుటకు రాతిలో తొలిచిన తొట్లవలననే తొట్లకొండకు ఆ పేరు వచ్చినది.

బంగారుదీవికి పోవు ఓడలు తీరమును విడిచి నడిసముద్రమునకు తిరుగు స్థానమొకటి ఈ కోస్తాలో కలదని టాలమీ వ్రాసెను. దానిని గోదావరీముఖము మొదలు గంజాము తీరమువఱకు పండితులు తలకొకచోట చూపుచున్నారు. ఎక్కడైనను, నైరృతి ఋతుపవనముతో తూర్పునకు పోయి, ఈశాన్యపు గాలితో మరలివచ్చు నావికులకు గాలికొఱకు వేచియుండుట తప్పనిపని. భిక్షువులకు వర్షావాసము విధి. ఈ రెండు నిరీక్షణములును కలియు తావున విహారములు పెరిగినవేమోయని మా ఊహ. మసూలాపడవలు ఓడలకును, తీరమునకును నడుమ అలలపై సరకు చేరవేయుట మొన్నమొన్నటివఱకు ఉండినదే. మేకు కొట్టక, పలకలను నారత్రాళ్లతో కుట్టుటచే అలతాకిడికి అవి పగులక వంగుచుండెను. 1933లో విశాఖ రేవు తెఱచువఱకు స్టీమర్లు సముద్రముననే లంగరు వేసికొని నిలుచుచుండెను.

ఇంత చరిత్ర గల కొండలు విహారనౌకపైనుండి కనబడునాయని యడిగినచో, చెన్నపట్టణమునకు పోవు నౌక డాల్ఫిన్‌నోస్ కొండను దాటి దక్షిణమునకు తిరుగును, తొట్లకొండ ఉత్తరమున వెనుకబడును. మంగమారిపేట జాలరులు తమ తెప్పలపైనుండి దినమును చూచు దృశ్యమును నౌకలో టిక్కెట్టు కొన్నవారు చూడజాలరు. అంతకంటె విచారింపవలసినది కొండమీది పరిస్థితి. 2019 అక్టోబరునాటి వానలకు పునరుద్ధరింపబడిన మహాస్తూపమే కొంతభాగము కూలినది. దానిని తిరుగ కట్టిరి. ఇటుకలు సముద్రపు ఉప్పుగాలికి, తుపానులకు నిలువవలెను. చుట్టును నగరము పెరుగుచున్నది.

కావున మా సలహా యిది. సముద్రముకొఱకు సముద్రమును కోరువాడు ఓడ నెక్కవచ్చును, సుఖమునకు కొదువ యుండదు. ప్రాచీనక్షేత్రమే లక్ష్యమైనచో ఆ ధనముతో నాగార్జునకొండకు పోయి లాంచి యెక్కుట మేలు. వరదలు తగ్గిన నవంబరు మొదలు ఫిబ్రవరివఱకు అనుకూలము. లైఫ్‌జాకెట్టు ఇచ్చినచో కట్టుకొనవలెను, ఇయ్యనిచో అడుగవలెను, లేదన్నచో దిగిపోవలెను.

నదియు, సముద్రమును ఒక్కచోటనే చూడగోరువారు శ్రీకాకుళపు దిక్కునకు పోవలెను. వంశధార దక్షిణపు గట్టున, కళింగపట్టణమునకు చేరువను శాలిహుండము కలదు. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ బౌద్ధక్షేత్రమును గుర్తించిరి. నది కొండపాదమున ప్రవహించును. కొలది దూరముననే కళింగపట్టణముకడ అది సముద్రమున కలియును. అచ్చటికి ఓడయు అక్కఱలేదు, లాంచియు అక్కఱలేదు. శ్రీకాకుళమునుండి రోడ్డున్నది. ఎండ ముదురకముందే కొండ యెక్కి, త్రాగునీరు వెంట తీసికొనిపోవుట మంచిది.