జాబు చదివినవాడు

దూరమును జయించుటకు మానవుడు కల్పించుకొన్న సాధనముల చరిత్ర గ్రంథములయందు విస్తారముగా నున్నది. ఆ దూరమునకు నడుమ నిలిచి, పరుల జాబులు చదివిపెట్టిన మనుష్యుని చరిత్ర అంతగా కానరాదు. ఎమ్మిగనూరు మగ్గములవీథిలో ఉపాధ్యాయుడనై యున్నకాలమున నేనును అట్టివాడనే గావున, నేనెరిగినది మనవి చేసెదను.

1871వ సంవత్సరమున చెన్నపట్టణపు రైలుదారియు బొంబాయి రైలుదారియు రాయచూరున కలిసినవి. ఆ దారిమీద నున్న ఆదవాని, అనగా నేటి ఆదోని, పత్తివ్యాపారమునకు పెద్ద నెలవయ్యెను. రైలుతోడనే తంతియు నడచెను. బొంబాయి ధర వర్తకునకు తంతిమీద తెలియును. బండి తోలుకొని వచ్చిన రైతునకు వర్తకుడు చెప్పినదే ధర.

ఎమ్మిగనూరునకు ఆ రైలు రాలేదు. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన నేతపనివారల సహకారసంఘముచేత ఊరి బట్ట పేరు మాత్రము దూరము పోయినది. మనుష్యులును పోవుచుండిరి. వాన తప్పినయేడు చుట్టుపట్ల పల్లెలవారు సుగ్గికని గుంటూరు సీమకో, కూలికని బెంగుళూరునకో తరలుట ఈ ప్రాంతమున వాడుక. ముసలివారు ఇంట మిగులుదురు.

వారికి వచ్చిన 15 పైసల కార్డులు సాయంకాలము నా అరుగుమీదికి చేరుచుండెడివి. జాబు ఒక్కరి పేర వచ్చును, వినువారు పదుగురు. ప్రత్యుత్తరమున నేను ‘కుశలము’ అని వ్రాయబోగా ఒక అవ్వ, "అట్ల కాదు అయ్యోరా, బాగుండామని రాయి" అని దిద్దినది. వ్యాకరణము చదివిన నాకు అదియొక పాఠము.

ఒకనాడు తంతి వచ్చెను. ఇంగ్లీషున నాలుగే మాటలు: ఆ అవ్వ కొడుకు లేడు. ఆమె నా మొగము చూచుచున్నది. "ఒంట్లో బాగులేదట" అని బొంకి, ఇరుగుపొరుగు ఆడువారిని పిలిపించి, వారామె చుట్టు కూర్చున్నపిమ్మట నిజము చెప్పితిని. ఆ బొంకునకు నేనిప్పటికిని పశ్చాత్తాపపడను.

2013 జూలై మాసమున మనదేశమున తంతి సేవ నిలిచిపోయెను. అప్పటికే ప్రతియింట చేతిఫోను మ్రోగుచున్నది. సుగ్గికి పోయిన తల్లి మిరపచేని గట్టున నిలిచి, ఊరిలో విడిచిన బిడ్డకు రాత్రివేళ ముఖము చూపుచున్నది. ఏ జాబునకును ఈ భాగ్యము లేదు. అయినను, అదే వీథిలో ఒకామెకు అన్న చావు ఫోనున తెలిసినప్పుడు ఆమె ఒంటరిగా మగ్గపుగుంటలో నుండెను. పొరుగింటికి ఆ సంగతి మరునాడు గాని తెలియలేదు. ఇది చూచి, పాతకాలమే మేలని నేను కొంతకాలము పలువురితో వాదించితిని.

ఆ వాదమును మాన్పించినది ఒక నేతగాని ఇల్లాలు. కోడలుగా వచ్చిన క్రొత్తలో ఆమె పుట్టింటికి నాచేత జాబులు వ్రాయించెడిది. ఇప్పుడు తలుపు మూసికొని కూతురితో గంటసేపు ఫోనున మాటాడునని విని, నేను పరిహాసమాడితిని. ఆమెయు నవ్వి యిట్లనెను: "మీరు రాస్తాంటే అత్తింటి కష్టం ఎట్ల చెప్పేది అయ్యోరా? వీధంతా ఇంటాండె."

నాడు ఆమెకు నేను వ్రాసిపెట్టిన కార్డులన్నియు జ్ఞప్తికి వచ్చినవి. ప్రతిదానియందును మొదటి పంక్తి, అందరము బాగుండామని.