గుర్తుపట్టడం, గుర్తింపు

సైన్సు చరిత్రలో నాకు ఆసక్తిగా ఉండేవి, అందరికీ తెలిసి కూడా ఎవరూ పట్టించుకోని విషయాలు. 'అడ్జువెంట్' అలాంటిదే. శుద్ధి చేసిన ప్రొటీన్ ఒక్కటే ఎక్కిస్తే జంతువు శరీరం చాలాసార్లు ఊరుకుంటుంది. చంపిన క్షయ బాక్టీరియాని నూనెలో కలిపి, దాంతోపాటు ఇస్తే గట్టిగా స్పందిస్తుంది. ప్రయోగశాలల్లో ఈ కలపడం దశాబ్దాలపాటు కూరకి తాలింపు పెట్టినంత మామూలుగా సాగింది. ఎందుకలా అని అడిగినవాళ్ళు తక్కువ.

1989లో, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సు సందర్భంగా, యేల్ విశ్వవిద్యాలయం ఇమ్యునాలజిస్టు చార్లెస్ జేన్‌వే అడిగాడు. ఇది మనం దాచుకుంటున్న మురికి రహస్యం అన్నాడు. శరీరం 'నాది', 'పరాయిది' అని విడదీసి చూస్తుందన్నది అప్పటి సిద్ధాంతం. కానీ మనం తినే పప్పన్నం కూడా పరాయిదే కదా! జేన్‌వే ఊహ ఏంటంటే, పరాయిదైతే చాలదు, సూక్ష్మజీవిదని తెలియాలి. బాక్టీరియా పైపొరల్లో మన కణాల్లో లేని అణువుల అమరికలు కొన్ని ఉంటాయి. వాటిని పట్టుకునే గ్రాహకాలు మనకి పుట్టుకతోనే ఉండి తీరాలి. అవి హెచ్చరించాకే, రోజులు తీసుకుని తయారయ్యే యాంటీబాడీల వంతు వస్తుంది.

రుజువు ఈగల దగ్గర దొరికింది. 1996లో స్ట్రాస్‌బర్గ్‌లో జూల్స్ హాఫ్‌మన్ ల్యాబ్‌లో పనిచేస్తున్న బ్రూనో లెమైత్ర్, 'టోల్' జన్యువు పాడైన పండు ఈగలు ఒళ్ళంతా బూజు పట్టి చచ్చిపోతాయని చూపించాడు. మాస్కోలో చదువుకుంటూ జేన్‌వే వ్యాసం చూసి, ఆయన్ని వెతుక్కుంటూ యేల్‌కి వెళ్ళిన రుస్లాన్ మెజిటోవ్, 1997లో ఆయనతో కలిసి మనుషుల్లోనూ టోల్ లాంటి జన్యువుందని ప్రకటించాడు. బాక్టీరియా పైపొరలోని ఎండోటాక్సిన్‌కి చలించని ఎలుకల జాతి ఒకటుంది. వాటిలో చెడిపోయింది ఈ కుటుంబానికి చెందిన జన్యువేనని 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం తేల్చింది.

2011 వైద్య నోబెల్‌లో సగం హాఫ్‌మన్, బాయిట్లర్‌లకి, మిగతా సగం డెండ్రిటిక్ కణాల మీద పనిచేసిన రాల్ఫ్ స్టైన్‌మన్‌కి వచ్చింది. జేన్‌వే 2003లోనే పోయాడు. పోయినవాళ్ళని నోబెల్‌కి ఎంపిక చెయ్యరు. మెజిటోవ్, లెమైత్ర్ మాత్రం బతికే ఉన్నారు. జేన్‌వే, మెజిటోవ్‌ల పాత్రని మరిచిపోవద్దని కొందరు ఇమ్యునాలజిస్టులు 'నేచర్' పత్రికకి ఉత్తరం రాశారు.

ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచరు, ఆ నియమం తెలిసిందే. నన్ను ఇబ్బంది పెట్టేది వేరే. మనం చరిత్రని బహుమతుల జాబితా చూసి చదువుకుంటాం. ఆ జాబితాలో జవాబులు దొరికినవాళ్ళుంటారు, ప్రశ్న వేసినవాడు ఉండకపోవచ్చు. జేన్‌వే ఆ ప్రశ్న వెయ్యకపోయుంటే, ఈగ ఒంటిమీది బూజు ఈగల సంగతిగానే మిగిలిపోయేదేమో.