తిరుగు ఓడలో ఏముంది?

అంతరిక్ష వర్తకం ఆటలు ఆడేవాళ్లలో కొత్తవాళ్లెవరో, ముదుర్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. కొత్తవాడు ధరల పట్టిక మీద పడతాడు. ఏ గ్రహంలో ఏది చవక, దాన్ని ఎక్కడ ప్రియంగా అమ్మొచ్చు అన్నదే అతని ధ్యాస. ముదురు ఆటగాడు అదంతా చూశాక ఇంకో ప్రశ్న వేసుకుంటాడు: అక్కడ సరుకు దించాక ఖాళీ ఓడలో ఏం వేసుకుని వెనక్కి రావాలి? గాజువాక ఆటోనగర్‌లో లారీ ఓనర్లు దీన్నే రిటర్న్ లోడు అంటారు. పోయే కిరాయి డీజిలుకీ డ్రైవరు బత్తాకీ సరి. మిగిలేది ఏదైనా ఉంటే వచ్చే కిరాయిలోనే.

ఈ రకం ఆటలకు వయసు యాభై దాటింది. 1974లో డేవ్ కౌఫ్‌మన్ బేసిక్ భాషలో రాసిన ‘స్టార్ ట్రేడర్’లో బొమ్మల్లేవు, అక్షరాలూ అంకెలే. 1984లో ఇంగ్లండులో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కుర్రాళ్లు తెచ్చిన ‘ఎలీట్’తో దానికి రూపం వచ్చింది. మొదట్లో ఆటగాడి చేతిలో 100 క్రెడిట్లు, 20 టన్నులు పట్టే ఓడ మాత్రమే ఉంటాయి. వ్యవసాయ గ్రహంలో తిండి సరుకు కొని పారిశ్రామిక గ్రహంలో అమ్మడం, అక్కణ్నుంచి కంప్యూటర్లు వేసుకుని మళ్లీ పల్లె గ్రహానికి రావడం. రెండు వైపులా నిండు ఓడ. ఈ కిటుకు దొరికినవాడికి మిగతా ఆటంతా నల్లేరు మీద బండి నడకే.

విశాఖపట్నం రేవు ఈ ఆటను 340 ఏళ్లకు పైగా నిజం సరుకుతో ఆడుతోంది. దాని చరిత్రను రాజుల వరసలోనో గవర్నర్ల వరసలోనో చెప్పడం మనకు అలవాటు. నాకు మాత్రం తిరుగు ఓడలో ఏముందన్న ప్రశ్న పట్టుకుంటేనే అది తిన్నగా అర్థమవుతుంది. ఇక్కడినుంచి పంపడానికి సరుకు లేని రోజు దాదాపు లేదు. వచ్చే ఓడలో ఏం వేసుకురావాలన్నదే ప్రతి తరానికీ చిక్కుముడి.

ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ అంటే పొగగొట్టాలు కాదు, ఓ గిడ్డంగి, లెక్కల గది, నలుగురు గుమాస్తాలు. పక్కనే భీమునిపట్నంలో, అంటే ఇప్పటి భీమిలిలో, డచ్చివాళ్లు. ఇద్దరికీ కావలసింది మన నేతబట్టే. పడుగులో ఎన్ని పుంజాలుంటే అంత నాణ్యం, పుంజానికి 120 పోగులు. మరి బదులుగా ఏం తేవాలి? ఇంగ్లండులో దండిగా దొరికేది ఉన్ని బట్ట. మన ఉక్కపోతలో ఉన్ని ఎవడు కట్టుకుంటాడు? అందుకని కంపెనీ ఓడలు వెండి మోసుకొచ్చాయి. దళారుల ద్వారా నేతగాళ్లకు అడ్వాన్సులు ఇచ్చి, నెలల తర్వాత బట్ట పోగేసుకుని వెళ్లేవి. డబ్బుపెట్టెలు తప్ప అమ్మకానికి సరుకంటూ పెద్దగా లేని ఓడ, వర్తకం లెక్కలో సగం ఖాళీ ఓడే. లండనులో దేశం వెండి తరలిపోతోందని గోల చేసినవాళ్ల బాధ కూడా అదే.

ఈ చిక్కును కంపెనీ విప్పిన తీరు వర్తకుడిది కాదు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో, మరుసటేడు నిజాముతో ఒప్పందంతో ఉత్తర సర్కార్లు దాని చేతికొచ్చాయి. ఇక వెండి తేవడమెందుకు? ఇక్కడి రైతు కట్టిన శిస్తుతోనే ఇక్కడి సాలెల బట్ట కొనొచ్చు. ఆటల్లో దీన్ని చీట్ కోడ్ అంటారు. పట్టుబడితే ఆటలోంచి గెంటేస్తారు. చరిత్రలో మాత్రం దీనికి పరిపాలన అన్న పేరు పెట్టి గెజిట్లో వేశారు. పందొమ్మిదో శతాబ్దంలో మార్కెట్టే తిరగబడింది. లాంకషైర్ మిల్లుబట్ట వచ్చి పడ్డాక తిరుగు ఓడ నిండింది గానీ, పుంజాల లెక్క తెలిసిన మగ్గాలు ఒకటొకటిగా ఆగిపోయాయి.

ఎలీట్ ఆడినవాళ్లకు ఇంకో గండం గుర్తుంటుంది. గ్రహం దాకా రావడం కాదు, గిరగిరా తిరిగే స్టేషన్లోకి ఓడను దూర్చడమే కష్టం. సరుకు నిండా వేసుకొచ్చి గుమ్మం అంచుకు కొట్టుకుని పేలిపోయిన కొత్తవాళ్లు కొల్లలు. విశాఖ పాత రేవు కష్టమూ అదే. హార్బరు లేని రోజుల్లో ఓడ నడిసముద్రంలో లంగరు వేసుకుని నిలబడేది. ఒడ్డుకీ ఓడకీ మధ్య విరిగే అలల వరసలు. వాటిని దాటించేది మసూలా పడవ. దాని పలకలకు ఇనప మేకు ఒక్కటీ ఉండదు. కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి, సందుల్లో గడ్డి కూరుతారు. మేకులు కొట్టిన గట్టి పడవ ఇసకకు తగిలితే పగులుతుంది. ఇది అల కొట్టినప్పుడు వంగి, మళ్లీ సర్దుకుంటుంది. కుట్ల సందుల్లోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి కాబట్టి ఒకడు తోడిపోస్తూనే ఉండాలి. వెనక పొడుగాటి తెడ్డుతో దారి పట్టేవాడు అల లెక్క చూసి కేక వేస్తే, అందరూ ఒక్కసారిగా తోస్తారు. ఆ ఒక్క అల తప్పితే బెల్లం బస్తాలు నీళ్లపాలు. సముద్రం పొంగిన రోజు పడవలు కదలవు, ఓడ కదలదు, సిబ్బంది తిండి ఖర్చు మాత్రం కదులుతూనే ఉంటుంది. వర్తకంలో లాభాన్ని మింగేది ధర కన్నా నిరీక్షణే అన్న పాఠం ఈ తీరానికి అప్పుడే వచ్చింది.

ఆ రోజుల్లో జిల్లాకు పెద్ద రేవు విశాఖ కాదు, భీమిలి. నువ్వులు, వలిసెలు, బెల్లం, నీలిమందు, కరక్కాయలు, గోగునార అక్కడ ఎక్కేవి. మన గోగునారకు విదేశీ మార్కెట్లో భీమిలి జనపనార అన్న పేరే నిలిచిపోయింది. ఈ తీరం స్టీమర్లలో రంగూనుకు వెళ్లిన సరుకుల్లో మనుషులూ ఉన్నారు. బర్మా వరిచేలల్లో, మిల్లుల్లో, రేవుల్లో కూలికి ఇక్కడి కుటుంబాలు తరలిపోయాయి. సీజను ముగిశాక కొందరు డబ్బుతో, కొందరు జ్వరాలతో తిరిగొచ్చారు. ఈ రవాణాను లాభనష్టాల పట్టికలో రాయడానికి చేయి రాదు. అయినా స్టీమరు కంపెనీల పుస్తకాల్లో అది రాసే ఉంటుంది.

భీమిలి ఎందుకు వెనకబడింది? 1890లలో కటకం నుంచి బెజవాడకు వేసిన రైలు పట్టాలు విశాఖను ఆనుకున్న వాల్తేరు మీదుగా పోయాయి. సరుకు రైలున్న చోటికి పోతుంది, కొనుగోలుదారు సరుకున్న చోటికి వస్తాడు. 2003లో వచ్చిన ‘ఈవ్ ఆన్‌లైన్’ ఆటలో వేల నక్షత్ర మండలాలున్నాయి. అయినా లక్షలాది ఆటగాళ్లు ఎవరూ చెప్పకుండానే జీటా అనే ఒక్క చోటును అంగడిగా చేసుకున్నారు. అలా ఒకసారి కుదిరిన అంగడిని కదపడం చాలా కష్టం. భీమిలి దీపస్తంభం, డచ్చి సమాధులు ఇప్పుడు పర్యాటకులకు మిగిలాయి.

సరిగ్గా అప్పుడే మాంగనీసు దొరికింది. 1892 ప్రాంతంలో విజయనగరం వైపు, గర్భాం చుట్టుపక్కల తవ్వకాలు మొదలయ్యాయి. దేశంలో మాంగనీసు గనులకు అదే ఆరంభం. తర్వాత మధ్య పరగణాల్లో ఇంకా పెద్ద నిక్షేపాలు బయటపడ్డాయి. అక్కణ్నుంచి బొంబాయికో కలకత్తాకో పంపడం దూరాభారం. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న ఉప్పుటేటిని తవ్వి హార్బరు చేస్తే దగ్గరి దారి అవుతుందని బ్రిటిష్ నౌకాశాఖకు చెందిన కార్ట్‌రైట్ రీడ్ ప్రతిపాదించాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా దానికి మోక్షం రాలేదు. కట్టింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. అసలు ఎత్తుగడ ఇక్కడుంది. రేవు కట్టిన చేత్తోనే పార్వతీపురం మీదుగా రాయపూర్ దాకా పట్టాలు పూర్తిచేసి 1931లో బళ్లు నడిపింది. గని నుంచి ఓడ దాకా ప్రతి మైలు కిరాయీ ఒకే సంచిలో పడుతుంది. దారి చేతిలో ఉన్నవాడికి సరుకు ఎవరిదైతేనేం?

కాలవ నోరు ఇసకతో పూడిపోకుండా రెండు పాత ఓడల్ని తెచ్చి కొండ పక్కన ముంచి అడ్డుగోడ చేశారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి ‘జలదుర్గ’ లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. ఖర్చు 378 లక్షల రూపాయలు. ముహూర్తం మాత్రం చెడ్డది. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉంది, ఉక్కు కొలుములు చల్లారాయి, మాంగనీసు అడిగే దిక్కు లేదు. మూడు బెర్తుల రేవుకు మొదట్లో వచ్చిన సరుకు ఏడాదికి 1.3 లక్షల టన్నులు. ధర పైనున్నప్పుడు కట్టడం మొదలెడితే, పూర్తయ్యేసరికి ధర కింద ఉంటుంది. ఆటలో ఈ దెబ్బ తగిలితే పాత సేవ్‌కు పోయి మళ్లీ మొదలెట్టొచ్చు.

స్వాతంత్ర్యం తర్వాతి కథలో నౌకానిర్మాణ కేంద్రం ఉంది, 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించిన ‘జల ఉష’ ఉంది, 1957లో వచ్చిన కాల్టెక్స్ రిఫైనరీ ఉంది. వాటిని దాటేస్తాను, ఎందుకంటే ఆట స్థాయిని మార్చింది బైలదిల్లా ఇనుము. యుద్ధం తర్వాత మళ్లీ లేచిన జపాన్ ఉక్కు మిల్లులకు మంచి ఖనిజం కావాలి, మనకు విదేశీ మారకం కావాలి. 1960లలో కొత్తవలస నుంచి అరకు కొండల మీదుగా ఆ గనుల దగ్గరి కిరండోల్‌కు యాభైకి పైగా సొరంగాలు తొలిచి రైలు వేశారు. సరుకు బళ్లు నిండుగా కొండ దిగుతాయి, ఖాళీగా ఎక్కుతాయి. బరువు దిగేటప్పుడు ఉండి, ఎక్కేటప్పుడు లేకపోవడం ఇంజనీర్లకు వరం. లెక్కలవాళ్లకు మాత్రం అవి రిటర్న్ లోడు లేని ర్యాకులు.

రేవులో ఆ బండి దించడం చూడాలి. వ్యాగన్ను టిప్లర్ గుప్పిట్లో పట్టుకుని పట్టాలతో సహా తలకిందులు చేస్తుంది. ఎర్రటి మట్టి భళ్లున కింది గోతిలో పడుతుంది. అక్కణ్నుంచి కన్వేయరు బెల్టు, గుట్టలు పోసే స్టాకరు, వాటిని మళ్లీ తవ్వి ఎత్తే రిక్లెయిమరు, చివరికి ఓడ గొంతులోకి పోసే లోడరు. మసూలా పడవ రోజుల పడిగాపులు గంటల్లోకి వచ్చాయి. ఆ ఎర్ర ధూళి పాతబస్తీ మేడల మీద, ఆరేసిన బట్టల మీద కూడా పడుతూ వచ్చింది. ఆ ఖర్చు ఏ బిల్లులోనూ కనబడదు.

1976లో బయటి హార్బరు తెరిచాక లక్ష టన్నులకు పైబడిన ఓడలు వచ్చాయి. ఎలీట్‌లో కాస్త డబ్బు చేరగానే 20 టన్నుల ఓడను 35 టన్నులకు పెంచుకోవచ్చు. కొత్తవాళ్లు మొదట చేసే పని అదే. పెద్ద ఓడ టన్నుకు కిరాయి తగ్గిస్తుంది, నిజమే. కానీ బెర్తు దొరక్కపోతే రోజు రోజుకూ పడే ఆలస్యపు జరిమానా, అదే డెమరేజీ, కూడా పెద్దదే అవుతుంది. నింపే వేగం పెంచకుండా ఓడను పెంచినవాడు దివాలా తీస్తాడు. విశాఖలో యంత్రాలు, లోతు, ఓడ ఒకదాని వెంట ఒకటి పెరిగాయి కనుక లెక్క కుదిరింది.

అప్పటికే ఊళ్లో ఇంకో ప్రశ్న రేగి ఉంది. మట్టిని టన్నుల్లెక్కన అమ్మేబదులు ఉక్కు చేసి అమ్మకూడదా? 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని వీధులు మోగాయి. ఉద్యమకారుడు అమృతరావు నిరాహారదీక్ష, కాల్పులు, 32 మంది ప్రాణాలు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన. జాతికి అంకితమైంది మాత్రం 1992 ఆగస్టు 1న, పి.వి.నరసింహారావు చేతుల మీదుగా. కర్మాగారాన్ని సముద్రం ఒడ్డున కట్టడంలో తెలివి ఉంది. కొలిమికి కావలసిన కోకింగ్ బొగ్గు ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి ఓడలోనే రావాలి. తరతరాల తర్వాత విశాఖకు వచ్చే ఓడలోనూ బరువైన, తప్పనిసరి సరుకు చేరింది.

కానీ కర్మాగారానికి సొంత ఇనప గని ఇవ్వలేదు. 2016లో సోరెన్ జాన్సన్ బృందం తెచ్చిన ‘ఆఫ్‌వరల్డ్ ట్రేడింగ్ కంపెనీ’ అనే ఆట అంగారక గ్రహం మీద సాగుతుంది. అందులో ఇనుముతో ఉక్కు చేయాలి. ఇనుము సొంతంగా తవ్వనివాడు బజార్లో కొంటాడు. అతను కొన్నకొద్దీ ధర అతని మీదకే ఎగబాకుతుంది. గని కేంద్రానికి దూరంగా ఉంటే మోతకు ఇంధనం తగలబడుతుంది. ఈ రెంటిలో విశాఖ ఉక్కుకు మొదటిది ఎప్పుడూ తప్పలేదు. ధర తక్కువున్న ఏళ్లలో లోపం కనబడదు, పెరిగిన ఏళ్లలో అదే అప్పుగా తేలుతుంది. 2021 జనవరిలో కేంద్రం వంద శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఆ ఆటలో చిక్కుల్లో పడ్డ కంపెనీ వాటాల్ని ప్రత్యర్థులు కొనేయడమే గెలుపు. 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న దాన్ని అలా చూడడం నాకైతే చేతకాదు.

ఖనిజం ఓడ, బొగ్గు ఓడ ఒకటే కాకూడదా అని ఆటగాడికి తోస్తుంది. ఇనుము వేసుకుని జపాన్, అక్కణ్నుంచి ఖాళీగా ఆస్ట్రేలియా, బొగ్గుతో మళ్లీ విశాఖ. మూడు అంచెల్లో రెండు నిండు, ఒకటి ఖాళీ. కాగితం మీద ముచ్చటైన త్రిభుజమే. కానీ కొనేవాళ్లు వేరు, ఒప్పందాలు వేరు, తేదీలు వేరు. వాటిని కలపడమే ఓడల దళారుల బతుకుతెరువు. 2009లో పక్కనే ఇంకా లోతైన గంగవరం రేవు మొదలయ్యాక ఉక్కు కర్మాగారానికి బొగ్గు గడపలోకే వచ్చింది. దించేశాక ఆ ఓడ సాధారణంగా నీటి బరువు నింపుకుని, ఖాళీగానే దక్షిణానికి తిరుగుతుంది.

2003లో కంటైనరు టెర్మినల్ వచ్చాక సరుకు ముఖం మారింది. 2009లో వనామి రొయ్యకు అనుమతి దొరికాక కోస్తా చెరువుల పంట విశాఖ మీదుగా అమెరికాకు దారి కట్టింది. విలువ లెక్కన దేశపు సముద్ర ఉత్పత్తుల ఎగుమతిలో ఈ రేవు ముందు వరసకు చేరింది. ఇక్కడ పాత చిక్కే కొత్త రూపంలో తిరిగొచ్చింది. రొయ్యకు చలిపెట్టె కంటైనర్లు కావాలి. చలిపెట్టెలో దిగుమతయ్యే సరుకు మనకు తక్కువ. కాబట్టి వాటిని ఖాళీగా తెప్పించుకోవాలి. ఒకప్పుడు వచ్చే ఓడ ఖాళీ, ఇప్పుడు వచ్చే పెట్టె ఖాళీ.

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. ఒకే గ్రహానికి అమ్మడం అలవాటైన ఆటగాడి పరిస్థితే ఎగుమతిదారులకు వచ్చింది. చైనా, వియత్నాం, ఐరోపా కొనుగోలుదార్ల కోసం ఫోన్లు మొదలయ్యాయి. అవి వేరే సైజులు, వేరే ప్యాకింగులు అడిగే మార్కెట్లు. చెరువులో రొయ్య మాత్రం సుంకం కోసం ఆగదు, కౌంటుకు, అంటే అమ్మే సైజుకు, రాగానే పట్టాలి.