తపతీ తీర నగరంలో సైకిలు

పదిహేడవ శతాబ్దిలో మొగలు సామ్రాజ్యానికి ప్రధానమైన రేవుగా వర్ధిల్లి, ఆంగ్లేయులకూ డచ్చివారికీ వర్తకస్థానాలనిచ్చి, 1664లో ఒకసారి, 1670లో మరొకసారి శివాజీ సైన్యాల దోపిడికి గురై, ఆపై బొంబాయి అభ్యుదయంతో క్రమంగా వన్నె తగ్గిన సూరత్ నగరానికి, స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల వరకు రాకపోకల సమస్య అనదగినది పెద్దగా లేదు. 1961 జనగణన నాటికి అక్కడి జనసంఖ్య మూడు లక్షలకు లోపే. తపతి నది వంపులో ఒదిగిన పాతబస్తీలో నివాసమూ వృత్తీ ఒకే కప్పు కింద సాగేవి. చౌక్‌బజారు నుండి ఏ వాడకైనా కాలినడకనే చేరవచ్చు. దేశమంతటా వలెనే ఇక్కడ కూడా సైకిలు తొలుత గుమాస్తాలకూ బడిపంతుళ్లకూ సొంతమైన వాహనం. 1949లో మద్రాసులో టీఐ, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సైకిలు కర్మాగారాలు వెలసిన తరువాతనే అది శ్రామికుని చేతికందింది.

సరిగ్గా ఆ దశలోనే సూరత్ స్వరూపం మారసాగింది. కృత్రిమ పట్టు నేసే మరమగ్గాలు, వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు, ఆపై పాలియెస్టర్ నూలు పరిశ్రమ ఒకదాని వెంట ఒకటి విస్తరించగా, సౌరాష్ట్ర నుండి, ఖాందేశ్ నుండి, ఒడిశాలోని గంజాం నుండి, తెలంగాణ నుండి జనం తరలివచ్చారు. 1981లో ఎనిమిది లక్షలకు చేరువైన జనాభా 1991లో పదిహేను లక్షలు, 2011లో 44.67 లక్షలు. తెలంగాణ నుండి వచ్చినవారిలో అధికులు వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు. చేమగ్గానికి గిరాకీ సన్నగిల్లడం, కరువులు, నిజాం హయాంలో 1934లో స్థాపితమై ఎందరికో జీవనాధారమైన వరంగల్ ఆజంజాహీ మిల్లు క్షీణించి చివరకు 2002లో మూతపడటం — ఈ కారణాలలో ఏ ఒక్కటీ తనంత తానుగా ఊళ్లను ఖాళీ చేయించేది కాదు. షోలాపూర్, భివండీలకు ముందుగా వేసిన వలసబాట సూరత్ దాకా సాగడం మాత్రం ఈ మూడింటి సమష్టి ఫలితమే. లింబాయత్, గోడాదరా, పర్వత్ గామ్ ప్రాంతాలలో తెలుగువారు ఎంతగా స్థిరపడ్డారంటే, సూరత్ మహానగరపాలిక తన ప్రాథమిక పాఠశాలలను గుజరాతీ, మరాఠీ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా నడపవలసివచ్చింది.

ఈ వలస శ్రామికుని దినచర్యను గమనించనిదే సూరత్‌లో సైకిలు చరిత్ర బోధపడదు. సాంచాల ఖాతాలో, అంటే మరమగ్గాల కార్ఖానాలో, పని పన్నెండు గంటల పాళీ: ఉదయం ఏడింటికి ఒకరు దిగితే మరొకరు ఎక్కుతారు. లింబాయత్‌కూ ఉధ్నా కార్ఖానాలకూ నడుమ రైలుపట్టాలు అడ్డం. వాటిని దాటడానికి పట్టాల కిందుగా పోయే దారిని స్థానికులు గర్నాలా అంటారు. నల్లటి బరువైన చట్రం, వెనుక ఇనుప క్యారియరు, హ్యాండిలుకు వేలాడే టిఫిను డబ్బా, సీటు కింద దూదిపోగులంటిన పాత గుడ్డ ఉన్న సైకిలు మీద మగ్గపు కార్మికుడు పాళీ మారే వేళ ఆ గర్నాలాలోకి దిగి, అవతలి ఎత్తు రాగానే దిగి నెట్టుకుంటూ ఎక్కుతాడు. మీఠీ ఖాడీ అనే వాగు పొంగే శ్రావణంలో సైకిలును భుజాన వేసుకోవడమూ ఉన్నదే. రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్టులోనో అదే సైకిలు బండిగా మారి, తాకాల (బట్ట తానుల) కట్టలను మోస్తుంది. ఇతనికి సైకిలు పర్యావరణనిష్ఠ కాదు, వ్యాయామమూ కాదు. గజాల లెక్కన కూలి పొందేవాడు షేర్ ఆటోకు ఇవ్వవలసిన రూపాయలను మిగుల్చుకునే మార్గం. 1960ల ఆరంభం నుండి దక్షిణ గుజరాత్ శ్రామికజీవనాన్ని పరిశీలించిన సామాజికశాస్త్రవేత్త యాన్ బ్రేమన్ నిలకడలేని ఉపాధిని గురించి విస్తృతంగా రాశారు. ఆయన స్వదేశం నెదర్లాండ్స్ కావడం యాదృచ్ఛికమే అయినా, మునుముందు మన ప్రస్తావనకు పనికివచ్చే విషయం.

1994 సెప్టెంబరులో ప్లేగు భయం సూరత్‌ను కుదిపివేసింది. కొద్ది దినాలలోనే లక్షలాది జనం నగరం విడిచిపోయారు. మరుసటి ఏడు మే నెలలో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అనే తెలుగు అధికారి, అధికారాలను మండలాలవారీగా వికేంద్రీకరించి, అధికారులను ప్రతి ఉదయం వీధులలోకి పంపి, రాత్రివేళ ఊడ్పించే పద్ధతి ప్రవేశపెట్టి, అక్రమ కట్టడాలను పలుకుబడి చూడకుండా కూలగొట్టించి, రెండేళ్లలోపే ఆ నగరాన్ని దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన నిలిపిన వృత్తాంతం సుప్రసిద్ధం. ఆ కృషి ప్రశంసనీయమనడంలో భిన్నాభిప్రాయానికి తావు తక్కువ. అయితే అప్పుడు విశాలమైన వీధులను పాదచారికింత, సైకిలుకింత అని విభజించలేదు. ఆరోగ్యమే పరమార్థమైన సంక్షోభవేళ అట్టి ఆలోచన రాకపోవడం నేరమేమీ కాదు గాని, విభజన లేని విశాలమైన దారి సహజంగానే వేగవంతుని వశమవుతుంది. తరువాతి పాలకులు ఆ వెడల్పుకు వంతెనలను జోడించారు. నదిపైన, రైలుపట్టాలపైన, కూడళ్లపైన కట్టిన వంతెనల సంఖ్యను నగరపాలిక నేటికీ సగర్వంగా చెప్పుకుంటుంది. పైవంతెన ఎత్తు యంత్రానికి లెక్కలోనిది కాదు. పన్నెండు గంటలు నిలబడి పనిచేసిన కాళ్లకు అది లెక్కలోనిదే.

సైకిలు తరుగుదలకు రోడ్లే కారణమనడం మాత్రం అర్ధసత్యం. సూరత్‌లో బస్సు సౌకర్యం చిరకాలం నామమాత్రం. జనరవాణా భారమంతా ఆటోరిక్షాల మీదనే పడింది. అప్పులు సులభమై, ఆదాయాలు కొంత పెరిగినప్పుడు, కాస్త స్తోమత గల ప్రతి కుటుంబమూ మోటారు సైకిలును ఆశ్రయించింది. 2001 జనగణనలో దేశంలోని కుటుంబాలలో 43.7 శాతానికి సైకిలు, 11.7 శాతానికి మోటారు ద్విచక్రవాహనం ఉండగా, 2011లో మొదటిది 44.8 దగ్గరే నిలిచింది. రెండవది 21 శాతానికి ఎగసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశపు సగటు ఇంచుమించు సగం కుటుంబాలు కాగా, సంపన్న రాష్ట్రమైన గుజరాత్‌లో సైకిలున్న కుటుంబాలు రమారమి ముప్పై శాతమే. సంపద పెరిగినకొద్దీ సైకిలు పేదరికానికి గుర్తుగా స్థిరపడింది. పిల్లనిచ్చే మామ బైకు పెట్టడం ఆచారమైన సమాజంలో వరుడు సైకిలుపై పనికి పోవడం ఎవరికి రుచిస్తుంది?

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాల కన్న మనుషుల కదలికకే ప్రాధాన్యమని ప్రకటించి, నడకకూ సైకిలుకూ కేంద్రసహాయం వాగ్దానం చేసింది. ఆ ఒరవడిలోనే సూరత్‌కు ప్రత్యేక బస్సు మార్గాలు మంజూరై, 2014 జనవరిలో తొలి బస్సులు నడిచాయి. క్రమేణా ఆ మార్గజాలం వంద కిలోమీటర్లు దాటి దేశంలోని దీర్ఘతమ వ్యవస్థలలో ఒకటయింది. కొన్ని రహదారుల పక్కన సైకిలు బాటలు కూడా వేశారు. బస్సు మార్గానికి కంచె, ప్రత్యేక స్టేషను, కాపలా ఉన్నాయి. సైకిలు బాటకు రంగూ గుర్తూ మాత్రమే దక్కాయి. పర్యవసానం ఊహించదగినదే: నిలిపిన కార్లు, తోపుబండ్లు, దుకాణాల సరుకులు దానిని ఆక్రమించాయి, కూడలి రాగానే, అంటే రక్షణ అత్యవసరమైన చోటనే, బాట అదృశ్యమయింది. తోపుబండి వాడిని నిందించడం సులభం. అతనికీ నగరం వేరొక చోటు చూపలేదు.

2017లో భోపాల్ ప్రారంభించిన యాంత్రిక అద్దె సైకిళ్ల పద్ధతి కొద్దికాలానికే సూరత్‌కూ వచ్చింది. స్టాండులో తాళంతో నిలిచిన సైకిలును మొబైల్ యాప్‌తో విడిపించుకుని, వేరొక స్టాండులో అప్పగించే ఈ ఏర్పాటు విద్యార్థులకూ ఉదయపు వ్యాయామార్థులకూ ఉపకరించింది. కాని ఇది స్వభావరీత్యా సొంత సైకిలు లేనివాని కోసం రూపొందినది. సొంత సైకిలుండీ దారిలేని లింబాయత్ కార్మికుడు ఈ ఆలోచనలో ఎక్కడా కనిపించడు. హైదరాబాదు 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల పొడవున సౌరఫలకాల నీడలో ప్రారంభించిన సుందరమైన బాటకు కూడా ఈ వ్యాఖ్య కొంతవరకు వర్తిస్తుంది.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుమ, కూలి ఆగి సొంతూళ్లకు పంపమని సూరత్ వలస కార్మికులు వీధికెక్కిన రెండు మాసాలకు, జూన్ 25న, కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ నగరాల మధ్య సైకిలు ప్రోత్సాహక పోటీని ప్రకటించింది. నూరుకు పైగా నగరాలు నమోదయ్యాయి. తుది పదకొండింటిలో సూరత్, వరంగల్ రెండూ నిలిచాయి. వలసను పంపిన ఊరూ అందుకున్న ఊరూ ఒకే జాబితాలో చేరడం ఆ జాబితా కూర్చినవారు ఉద్దేశించినది కాదు. ఆ పోటీ మేలు చేయలేదనలేము. తాత్కాలిక అడ్డంకులతో బాటలను ప్రయోగించి చూడటం, స్వారీచేసే వారినే ప్రశ్నించి లోపాలు నమోదు చేయడం మన మునిసిపాలిటీలకు కొత్త అలవాట్లు. ఆదివారపు సామూహిక యాత్రలకు లభించిన ప్రచారం మాత్రం పాళీ మారే ఏడు గంటల వేళకు లభించలేదు.

సూరత్‌లో నేటికీ సమాధులు మిగిలివున్న డచ్చివారి దేశం కూడా పుట్టుకతోనే సైకిలు దేశం కాదని ఇక్కడ గుర్తుచేయాలి. యుద్ధానంతర సంపదతో అక్కడా కార్లు పెరిగి సైకిళ్లు తగ్గాయి. 1971లో రోడ్డు ప్రమాదాలలో రమారమి 3,300 మంది, వారిలో నాలుగు వందలకు పైగా పిల్లలు మరణించగా తల్లిదండ్రులు ఉద్యమించారు; 1973 చమురు సంక్షోభం తోడయింది. ఆపై దశాబ్దాల తరబడి వేరుపరచిన బాటలు, కూడళ్లలో మార్పులు సాగాయి. అక్కడ ప్రజల మనస్తత్వం మారింది నిజమే గాని, దారి మారిన తరువాతనే మారింది. మన దేశంలోనూ ఇందుకు నిదర్శనం లేకపోలేదు. బిహార్ 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లిచ్చిన పథకాన్ని పరిశీలించిన ఆర్థికశాస్త్రవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ ఉన్నత పాఠశాలలో బాలికల నమోదు దాదాపు మూడోవంతు పెరిగినట్లు కనుగొన్నారు. అక్కడ ప్రభుత్వం హితవు చెప్పలేదు, ఉపకరణమిచ్చింది. సూరత్ తెలుగువాడలలో ఇంటిపట్టున చీరలకు రాళ్లంటించే స్త్రీలకు బయటి కార్ఖానాలో అంతకన్న మెరుగైన కూలి ఉన్నా, వెలుతురు లేని గర్నాలా గుండా పోయి రాత్రి తిరిగిరావలసి రావడం వారిని వెనుకాడేలా చేస్తుంది. ఆ వెలుతురు లెక్క ఏ సైకిలు పథకంలోనూ చేరలేదు.

2021 జనవరిలో శంకుస్థాపన జరిగిన సూరత్ మెట్రో, రెండు మార్గాలలో నలభై కిలోమీటర్ల మేర నిర్మాణమవుతున్నది. భేసాన్ నుండి సారోలీకి పోయే రెండవ మార్గం బట్టల మార్కెట్ల ప్రాంతాన్ని తాకి, అంజనా ఫారం, మోడల్ టౌన్ మీదుగా, లింబాయత్‌కు సైకిలు దూరంలోనే సాగుతుంది. ఆ స్టేషన్ల ముంగిట జాగాను ఆటోలకెంత, మోటారు బండ్లకెంత, సైకిళ్లకెంత పంచాలనే నిర్ణయం మెట్రో సంస్థదీ నగరపాలికదీ. పాళీకి పోయేవాని సైకిలుకు అక్కడ పన్నెండు గంటలపాటు గొలుసు వేసుకునే ఇనుప కమ్మీ, దాని మీద ఒక రేకు కప్పు ఏర్పాటు చేయడానికి పట్టే ఖర్చు, ఒక్క పైవంతెన మరమ్మతు పద్దులో కూడా గుర్తింపునకు రానంత స్వల్పం.