రంగు కాగితం – సర్కారు కాగితం

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే మా అమ్మ మంచం కింద నుంచి రేకుపెట్టె బయటికి లాగేది. కిందటేడు విప్పి చుట్టిపెట్టిన పురికొస, వదులైపోయిన కత్తెర, పాత నోటుపుస్తకంలో దాచిన వెండికాగితం ముక్కలు, అంచులు నలిగిన బొమ్మల కార్డులు అందులో ఉండేవి. కొత్తగా కొనేవి రెండే. గాలిపటాల కాగితం, గుప్పెడు మైదా. మా పదడుగుల గది పండగ గదిగా మారడానికి అవి చాలు.

అమ్మ లెక్క నాకిప్పటికీ గుర్తే. షీటు 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు. ఆరంగుళాల పొడవు, అంగుళం వెడల్పు పట్టీలుగా కోస్తే షీటుకి వంద వస్తాయి. ఒక పట్టీని గుండ్రంగా చుట్టి కొసలు అంటించాలి. రెండోదాన్ని దాని లోంచి దూర్చి అంటించాలి. అలా గొలుసు పెరుగుతుంది. గది నడుమ దూలానికి ఒక కొస కట్టి, కాస్త జారుగా వదిలి మూలకి లాగితే వరసకి 40 రింగులు పడతాయి. నాలుగు మూలలకి 160. అంటే రెండు షీట్లకు లోపే. మైదా పల్చగా ఉడికితే కాగితం రంగు కారుతుంది కాబట్టి జిగురు చిక్కగా ఉండాలి. చీపురుపుల్లతో చుక్కంతే పెట్టాలి. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేసేది. అందుకే ఆ గిన్నె మా చేతికి అందనిచ్చేది కాదు.

ఖర్చు ఇంతేనని మేమంతా గొప్పగా చెప్పుకునేవాళ్ళం. అమ్మ కూర్చున్న గంటల్ని ఎవరం లెక్కపెట్టలేదు. ఒక్కో రింగుకి నిమిషం అనుకున్నా 160 నిమిషాలు. అది కూడా పొద్దుట్నించీ పొలంలో వంగి, వచ్చి వండి, అందరికీ పెట్టి, అంట్లు తోమిన తర్వాత. కిరసనాయిలు దీపం దగ్గర. "చవగ్గా ఇంట్లోనే చేసుకోవచ్చు" అనే మాట ఎక్కడ చదివినా నాకు ముందు ఆ దీపమే గుర్తొస్తుంది. చవక అంటే ఎవరికి చవక?

ఈ ప్రశ్న మా ఇంటికే పరిమితం కాదు. క్రిస్మస్ చెట్టుకి వేలాడదీసే గాజు బుడగలకి జర్మనీలోని లౌషా అనే ఊరు పేరుపడింది. అమెరికా వ్యాపారి వూల్‌వర్త్ 1880 నుంచి వాటిని తెప్పించి చవకగా అమ్మాడు. అవి తయారైంది ఇళ్ళలోనే. మగవాళ్ళు గాజు ఊదితే, లోపల వెండిపూత పట్టించడం, రంగులు దిద్దడం ఆడవాళ్ళ పని, పిల్లల పని. మన గోదావరి డెల్టా సంగతీ అంతే. మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక నరసాపురం ప్రాంతంలో వేలాదిమంది స్త్రీల పని అయింది. మరియా మీస్ 1982లో వచ్చిన తన పుస్తకంలో దాని గుట్టు విప్పి చెప్పింది. రోజుకి ఆరేడు గంటలు అల్లే స్త్రీని కూడా 'ఇంట్లో ఉండే ఆడది' అనీ, ఆమె పనిని 'తీరిక వేళల పని' అనీ పిలిస్తేనే ఆ లాభం సాధ్యమవుతుంది. మా అమ్మ తోరణం అమ్మకానికి పోలేదు, నిజమే. కానీ దాన్ని కూడా మేం తీరిక వేళల సరదాగానే చూశాం.

అసలు మా గుమ్మానికి కాగితం తోరణం ఎందుకొచ్చింది? ఒకసారి నాయనమ్మని అడిగాను. "ఆకు తోరణం పాత దేవుళ్ళదని పెద్దలు వద్దన్నారమ్మాయ్. వద్దంటే గుమ్మం బోసిగా పెట్టుకుంటామా? మాకు పండగ లేదా?" అంది. ఊళ్ళోని మామిడాకు తోరణానికీ, మా పల్లెలోని రంగు కాగితం గొలుసుకీ మధ్య ఉన్న చరిత్రంతా ఆ మూడు ముక్కల్లో ఉంది.

పుస్తకాల్లో ఆ చరిత్ర వేరేలా మొదలవుతుంది. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను పెట్టాడు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు కొద్దిమందే. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో దీన్ని మూసేద్దామా అని చర్చ వచ్చింది. మిషను పటం మీద తెలుగుదేశంలో ఒక్క నక్షత్రం గుర్తే ఉండటంతో దీనికి 'ఒంటి నక్షత్రం' మిషను అని పేరొచ్చింది. మరుసటేడు, 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఒంగోలు కొండ మీద జ్యుయెట్ దొర ప్రార్థన చేశాడని చదువుకున్నాం. ఆ కొండకి ప్రార్థన కొండ అనే పేరు మిగిలింది. అక్కడున్నది అయిదుగురు. జ్యుయెట్, ఆయన భార్య, నర్సు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు. అంటే అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళే. అందులో ఇద్దరు మన తెలుగు ఆడవాళ్ళు. అయినా అది 'జ్యుయెట్ ప్రార్థన' గానే నిలిచింది.

1866లో క్లౌ ఒంగోలు వచ్చాడు. ఆ ఏడే మాదిగ కులస్థుడైన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చెయ్యకూడదు, విగ్రహాలని కొలవకూడదు అనేవి చేరినవాళ్ళకి పెట్టిన నియమాలు. వీటి వల్ల ఊరి జాతర్లలో డప్పు కొట్టడం మానేశారు. కూలి పోయింది, దెబ్బలు తిన్నారు. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటి ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మా సండేస్కూల్లో పిల్లలందరికీ కంఠతా వచ్చు. ఏటిలో నిలబడి తడిబట్టలతో ఇంటికెళ్ళిన ఆడమనిషి ఆ రాత్రి ఏం వండింది, పాత గూట్లోని దేవతని ఏం చేసింది, గుమ్మానికి ఏం కట్టింది అనేవి మాత్రం ఆ అంకెలో లేవు.

ఒక్క విషయం ఇక్కడ చెప్పాలి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1898లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పుస్తకం అచ్చువేసింది. మరుసటేడు మాదిగల జీవితాల మీద ఇంకో పుస్తకం. క్లౌ జీవితాన్ని ఆయన మాటల్లోనే రాసిపెట్టింది కూడా ఆమే. స్త్రీల హక్కుల గురించి రాసిన చెయ్యీ, మా పూర్వీకుల గురించి రాసిన చెయ్యీ ఒకటే అని నాకు ఎం.ఏ. చదివేదాకా ఎవరూ చెప్పలేదు. స్త్రీవాదులు మొదటి పుస్తకం దగ్గర ఆగారు, సంఘ చరిత్రకారులు ఆమె భర్త దగ్గర ఆగారు.

మిషను పెట్టెల్లో అమెరికా సంఘాల స్త్రీలు వాడేసిన బొమ్మల కార్డులు పంపేవారు. నాయనమ్మ చిన్నప్పుడు సండేస్కూల్లో బహుమతిగా వచ్చిన కార్డులవి. అమ్మ వాటికి చిల్లులు పొడిచి గొలుసుల మధ్య వేలాడదీసేది. మంచు, ఎర్రముక్కు పిట్ట, పొగగొట్టం ఇల్లు. మేం ఎన్నడూ చూడనివి. వాటి పక్కనే సిగరెట్ పెట్టెల వెండికాగితంతో చేసిన నక్షత్రాలు. ఏది ఎవరి సంస్కృతి అని అమ్మ ఆలోచించలేదు. ఏది ఎక్కడ మెరుస్తుందో చూసింది.

పల్లెలో ఉన్నన్నాళ్ళూ తోరణం గుమ్మానికి ఉండేది. చూరుకి వెదురుబద్దల నక్షత్రం. నాన్నకి ప్రభుత్వ బడిలో టీచరుగా ఉద్యోగమొచ్చి మేం పట్నం మారిన ఏడు అమ్మ మామూలుగానే గొలుసులు చేసింది. కానీ లోపలి గదిలో కట్టింది. నక్షత్రం అసలు చెయ్యలేదు. నేను ఏడ్చాను. "బయట కడితే మీ నాన్న ఉద్యోగానికి ఎసరొస్తది" అంది. అంతకన్నా ఏమీ చెప్పలేదు.

తర్వాత అర్థమైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కాని దళితుడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ సడలించారు. క్రైస్తవులకి సడలించలేదు. మన రాష్ట్రంలో వాళ్ళని బి.సి.–సి లో వేసి ఒక్క శాతం కేటాయించారు. మతం మారితే అంటరానితనం పోతుందని ఆ ఉత్తర్వు నమ్మింది. అద్దె ఇంటి ఓనరమ్మ మాత్రం నమ్మలేదు. మా గ్లాసు వేరేగానే పెట్టింది. సర్టిఫికెట్టులో 'హిందూ' అని ఉన్న మా నాన్న, ఆదివారం పొద్దున్నే వెనకదారిన గుడికి వెళ్ళేవాడు. రెండు కాగితాల మధ్య బతికాం మేం. ఒకటి సర్కారు కాగితం, ఒకటి రంగు కాగితం. మొదటిది నాన్న ఫైల్లో ఉండేది. రెండోదాన్ని ఎక్కడ కట్టాలో, ఎప్పుడు విప్పాలో, ఎవరొస్తే తలుపు దగ్గరికి వెయ్యాలో చూసుకునే భారం అమ్మది. కుటుంబ రహస్యాన్ని మోసే పని కూడా ఇంటిచాకిరీయే. దానికీ కూలి లేదు.

ఆ సర్కారు కాగితంతోనే నేను చదివాను, లెక్చరర్నయ్యాను. సిగ్గుపడను. మా నాయనమ్మని వెలివేసింది ఆమె ప్రార్థనని చూసి కాదు, పుట్టుకని చూసి. కానీ నా పిల్ల ఆరేళ్ళప్పుడు నక్షత్రం బయట కడదామంటే నేనూ అమ్మ మాటే అన్నాను. ఆ రోజు నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పుడు, ఆడవాళ్ళని అడిగితే చరిత్ర ఎంత మారుతుందో తెలిసింది. 2003లో 'నల్లపొద్దు' దళిత స్త్రీల రాతల్ని ఒకచోట చేర్చింది. అయినా మా పల్లెల్లోని బైబిలు స్త్రీలు, స్త్రీల సమాజంలో పాటలు కట్టినవాళ్ళు, కాగితాలు కత్తిరించినవాళ్ళు చాలావరకు మిగిలే ఉన్నారు. వాళ్ళ దస్తావేజులు జనవరి మొదటి వారంలో చింపి పొయ్యిలో వేసేవే. నిలవని వస్తువులతో పనిచేసిన మనుషుల చరిత్ర ఎలా రాయాలి? నాకు తెలిసిన దారి అడగడమొక్కటే. ఎన్ని రింగులు, ఎన్ని గంటలు, ఎక్కడ కట్టారు, ఎందుకు విప్పారు.

పోయిన డిసెంబరులో అమ్మ దగ్గర కూర్చుని ఇవన్నీ రాసుకున్నాను. ఆమె చూపు మందగించింది. కత్తెర నేను పట్టుకున్నాను, కొలత ఆమె వేలితో చెప్పింది. 160 పూర్తయ్యాక "యాడ కడతావు?" అని అడిగింది. "గుమ్మానికి" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జిగురు ఆరనీ. మంచుకి ఊడిపోద్ది" అంది.