ఫుట్‌బాల్ బొమ్మల చరిత్ర

మూసిన గుప్పిటిలో ఏమున్నదో తెలుసుకోవలెనన్న తహతహ మనుష్యునికి పసినాటినుంచి ఉన్నదే. ఆ తహతహను పెట్టుబడిగా చేసుకొని పెరిగిన వ్యాపారాలలో ఫుట్‌బాల్ బొమ్మల వ్యాపారం ఒకటి. అరచేతిలో ఇమిడే అట్టముక్క; దానిమీద ఒక ఆటగాని రూపం; చుట్టూ అంటించిన కాగితపు పొట్లం. లోపల ఎవరున్నారో కొన్నవానికీ తెలియదు, అమ్మినవానికీ తెలియదు. ఇంత స్వల్పమైన వస్తువు ఐరోపాలో తరతరాల బాలురను ఎట్లు కట్టిపడవేసినదో తెలుసుకోదగినదే.

ఈ బొమ్మలకు పుట్టినిల్లు సిగరెట్టు పెట్టె. 19వ శతాబ్దం చివర సిగరెట్లను పలుచని కాగితపు పొట్లాలలో అమ్మేవారు. అవి నలగకుండా లోపల ఒక అట్టముక్కను నిలిపేవారు. ఆ అట్టపై వరుసగా బొమ్మలు అచ్చువేసినచో, వరుస పూర్తిచేయుటకై కొన్నవాడే మరల కొనునన్న యుక్తి 1880ల నాటికి అమెరికాలో పాదుకొన్నది. రిచ్మండ్ నగరపు ఆలన్ అండ్ జింటర్ కంపెనీ ఆ కాలంలోనే క్రీడాకారుల బొమ్మలను పంచిపెట్టినది. అదే దశాబ్దంలో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డులో జాన్ బెయిన్స్ అనే ఆటవస్తువుల వర్తకుడు, పొగాకుతో పనిలేకుండానే, ఫుట్‌బాల్ జట్ల కార్డులను పొట్లాలు కట్టి బాలురకు అమ్మినాడు. 1896లో మాంచెస్టరుకు చెందిన మార్కస్ కంపెనీ ఫుట్‌బాల్ ఆటగాళ్లను సిగరెట్టు పెట్టెలోనికి తెచ్చినది. అటుపిమ్మట ఇంగ్లండులో పొగాకు దుకాణాల ముందు పిల్లలు నిలబడి, వచ్చేపోయే పెద్దమనుష్యులను బొమ్మలకై అడగడం నిత్యకృత్యమైనది. రెండు ప్రపంచయుద్ధాలలోను కాగితపు కరవు ఈ వేడుకకు అడ్డు తగిలినది. రెండవ యుద్ధానంతరం బొమ్మ పొగాకును విడిచి, నమిలే గమ్ము పొట్లాన్ని ఆశ్రయించినది.

బొమ్మనే సరకుగా నిలిపి దేశదేశాలకు చేర్చిన ఖ్యాతి ఇటలీలోని మోదెనా పట్టణానికి దక్కినది. అక్కడ పనీనీ కుటుంబం 1945లో ఒక వార్తాపత్రికల అంగడిని కొన్నది. 1960లో ఆ ఇంటి అన్నదమ్ములు జుసెప్పె, బెనీతో, మిలాన్‌లో అమ్ముడుపోక మిగిలిన బొమ్మలను కొని, రెండేసి చొప్పున పొట్లాలు కట్టి, పొట్లం 10 లీరాలకు అమ్మినారు. ముప్పది లక్షల పొట్లాలు చెల్లిపోయినవి. మరుసటి సంవత్సరం తామే ఆటగాళ్ల బొమ్మలు అచ్చువేసినారు. మొట్టమొదటి బొమ్మ ఇంటర్ జట్టు నాయకుడు బ్రూనో బోల్కిది. వెనెజ్వేలానుంచి తిరిగివచ్చిన మరొక సోదరుడు ఉంబెర్తో యంత్రవిద్యలో నేర్పరి. ఒకే పొట్లంలో ఒక బొమ్మ రెండుమార్లు పడకుండా కలిపి మూసే యంత్రాన్ని అతడు నిర్మించినాడు. 1970 మెక్సికో ప్రపంచ కప్పుతో ఈ బొమ్మల పుస్తకం ఇటలీ ఎల్లలు దాటినది.

ఇందులోని గడుసుదనం లెక్కలోనే ఉన్నది. 2018 ప్రపంచ కప్పు పుస్తకంలో 682 బొమ్మలు ఉండేవి. ఇంగ్లండులో ఐదు బొమ్మల పొట్లం వెల 80 పెన్నీలు. ఎవరితోను మారకం చేయక ఒంటరిగా పుస్తకం నింపదలచినవాడు సగటున 4,832 బొమ్మలు కొనవలెననీ, అందుకు సుమారు 774 పౌనులు కావలెననీ కార్డిఫ్ విశ్వవిద్యాలయపు గణితాచార్యులు పాల్ హార్పర్ లెక్కకట్టినారు. సగం పుస్తకం సుమారు 470 బొమ్మలతోనే నిండును. ఇక ఒకే ఒక్క ఖాళీ మిగిలినప్పుడు, దానికొరకే సగటున 136 పొట్లాలు విప్పవలెను! 1963-64 వరుసలో అటలాంటా జట్టు గోలుకీపరు పిట్సబాల్లా బొమ్మ ఎంతకూ దొరకక, ఆ పేరే ఇటలీలో దుర్లభానికి మారుపేరైనది.

ఈ లెక్కకు విరుగుడు పిల్లలే కనిపెట్టినారు. తమకు రెండుమార్లు వచ్చిన బొమ్మల కట్టను ఎదుటివాని ముందు ఒక్కొక్కటే తిప్పుతారు. చూచేవాడు “చేలో, చేలో, మాంకా” అంటాడు. అనగా “ఉన్నది, ఉన్నది, లేదు” అని. మూడవ మాట వినబడినచోట బేరం మొదలు. ఒకనికి పనికిరానిది మరొకనికి నిధి. వర్తకుడు అదృష్టాన్ని అమ్మినాడు. బాలురు దానిని స్నేహంగా మార్చుకొన్నారు. నలుగురు కలిసినచో ఖర్చు ఎంతో తగ్గునని వారికి ఏ ఆచార్యుడూ చెప్పలేదు.

ఇప్పటి పెట్టెల తీరు మారినది. కొన్నింటిలో ఆటగాని చేవ్రాలు గలవి, వరుససంఖ్య వేసి కొద్దిగా అచ్చువేసినవి, లోకంలో ఒక్కటే ఉన్నవి దాగి ఉంటాయి. వాటికై పెద్దలు కూడా పెద్ద మొత్తాలు వెచ్చించి పెట్టెలు తెరుస్తున్నారు. కాగితంపై ఉన్న ఈ యుక్తి వీడియో ఆటలలోనికి కూడ పాకినది. ధనం పుచ్చుకొని తెరిపించే అట్టి గూఢమైన పెట్టెలు జూదమేనని 2018లో బెల్జియం దేశపు జూద నియంత్రణ సంఘం నిర్ణయించినది. మరుసటి సంవత్సరం, ఫిఫా ఫుట్‌బాల్ ఆటను అప్పట్లో తయారుచేస్తుండిన సంస్థ, అట్టి పొట్లాలు కొనుటకు ఉపకరించే నాణేల అమ్మకాన్ని ఆ దేశంలో నిలిపివేసినది.

పొట్లం విప్పడంలోని ఉత్కంఠ ఆనాడూ ఈనాడూ ఒక్కటే. భేదమంతా విప్పిన తరువాత ఉన్నది. అక్కరకురాని బొమ్మను పట్టుకొని పొరుగింటి తలుపు తట్టిన బాలుడు పుస్తకంతోపాటు ఒక నేస్తాన్ని కూడ సంపాదించినాడు. అరుదైన దానికై ఒంటరిగా పెట్టెలు తెరిచేవానికి మిగిలేది చించిన కాగితాలే. బిడ్డచేతికి పొట్లం కొనియిచ్చే పెద్దలు, దానిని పంచుకొనే తోడును కూడ చూపించవలసి ఉన్నది.