ఇంజను మార్చిన అంబాసిడర్లు

గుంటూరు మిర్చి యార్డు ఎదుటను, చిలకలూరిపేటలో జాతీయ రహదారి ప్రక్కను, ఒంగోలు కర్నూలు రోడ్డుమీదను 1980 దశకమునందు కిరాయికి నిలిచియుండెడి అంబాసిడర్ కార్లు చూచువారికి అన్నియు నొక్కటిగానే కనబడుచుండెను. సెల్ఫు కొట్టిన పిదప మాత్రము వాని జాతులు వేఱువేఱని చెవికి తెలియుచుండెను: ఒకటి పెట్రోలు ఇంజనుతో మెత్తగా కదలును, ఒకటి మేటడారు వ్యాను ఇంజనుతో గడగడలాడును, మఱియొకటి జపానులో పోతపోసిన డీజిలు ఇంజనుతో నల్లని పొగ నొకమారు చిమ్మి సర్దుకొనును. ఇట్లు ఒక దేశపు ఇంజనును మఱియొక దేశపు నమూనాపై కట్టిన పాత కారున కెక్కించుట ఈ పత్తి మిరప సీమ షెడ్లలో బహుకాలము సాగిన వృత్తి. సి బుక్కులోని ఒక పంక్తి తప్ప అది వ్రాతలోనికి వచ్చినది తక్కువ. ఆ వృత్తి గౌరవమంతయు ఇంజనును దింపుటయందును ఎక్కించుటయందును గాక, ఎక్కించిన పిదప మిగిలెడి పనిని ముగించుటయందే యున్నదని నా తలంపు.

ఇంజను మార్పిడి ఈ నేలకు కార్లతో వచ్చినది కాదు. పత్తి జిన్నింగు మిల్లులును, ధాన్యపు మిల్లులును వెలసిన కాలముననే రస్టన్, లిస్టర్ అను ఇంగ్లండు ఆయిల్ ఇంజనుల పేరులు అక్షరజ్ఞానము లేని ఇంజను డ్రైవర్ల నోటకూడ నానినవి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలునకు రేషను విధింపబడగా, మద్రాసు రాష్ట్రపు బస్సులు వెనుకభాగమున బొగ్గు కొలిమిని కట్టుకొని, దానినుండి పుట్టిన వాయువుతో నడచినవి. ఎగువదారి వచ్చినచో ప్రయాణికులు దిగి నెట్టుటయు కలదు. ఆ కష్టకాలము మేస్త్రీలకు నేర్పిన పాఠ మొక్కటే: ఇంజను కర్మాగారమునుండి వచ్చినట్లే యుండవలెనను నియమ మెచ్చటను లేదు. యుద్ధము ముగియగానే సైన్యము వదలించుకొన్న ఫోర్డు, షెవర్లే, డాడ్జి లారీలు వేలములలో జనుల చేతికి వచ్చెను. అవి పెట్రోలు త్రాగుటలో అగస్త్యులు. వానిలో పెర్కిన్సు డీజిలు ఇంజనును, విశేషించి ఆరు సిలిండర్ల పి-6 రకమును, ఎక్కించుట దేశమంతట వ్యాపించెను. ఫ్రాంక్ పెర్కిన్సు 1932లో ఇంగ్లండునందలి పీటర్‌బరోలో స్థాపించిన ఆ సంస్థ ఇంజనులను, 1840లో గుఱ్ఱపు బగ్గీలు కట్టుటతో మొదలైన మద్రాసు సింప్సన్ కంపెనీయే తరువాత తయారుచేయ నారంభించెను.

లారీలకు అబ్బిన విద్య కార్లకు దిగుటకు ధరల ఒత్తిడి కావలసివచ్చెను. కలకత్తా చేరువ ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్సువారు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి నమూనాపై 1957 మొదలు అంబాసిడరును కట్టుచుండిరి. దాని స్వంత ఇంజనుకూడ బ్రిటిషువారి రూపకల్పనయే గనుక, విదేశపు ఇంజనును తెచ్చి స్వదేశపు కారును మైలపఱచిరను ఆక్షేపణకు తావులేదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలబడినది. పత్తి, మిరప, పొగాకు పంటలపై సొమ్ము చేతులు మాఱినది. కమీషను వ్యాపారులును, మోతుబరి రైతులును, కిరాయికి త్రిప్పుకొనువారును పాత కార్లను కొననారంభించిరి. అంతలో 1973లో అరబ్బు దేశముల చమురు నిషేధము వచ్చి, ముడిచమురు ధర కొలది నెలలలో సుమారు నాలుగు రెట్లయ్యెను. పెట్రోలు సంపన్నుల వస్తువని దానిపై పన్ను హెచ్చించిన ప్రభుత్వము, లారీలకును సేద్యమునకును కావలసిన డీజిలును మాత్రము చౌకగా నిలిపియుంచెను. మిరపకాయల టిక్కీలు యార్డునకు వచ్చెడి మాఘ వైశాఖముల నడుమ దినమంతయు తిరుగు కారునకు ఈ ధరల వ్యత్యాసమే లాభనష్టముల నిర్ణేత.

1980 ప్రాంతమున హిందుస్తాన్ మోటార్సువారే డీజిలు అంబాసిడరును విడుదల చేసిరి గాని, దాని 1489 సి.సి. ఇంజనునకు గల శక్తి సుమారు 37 అశ్వశక్తులు మాత్రమే. ఎనమండుగురు ఇఱుకుకొని కూర్చుండి, డిక్కీలో బస్తాలు వేసిన బండి రేగడి దారిలో ఆ బలముతో కదలునా? కావున మేస్త్రీల దృష్టి పూనాలో తయారగు మేటడారు ఇంజనుపైకి పోయెను. 1980ల నడుమ జపాను సహకారముతో చిన్న లారీలు బయలుదేఱగా, డి.సి.ఎం. టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మాజ్దా, మన జహీరాబాదున కట్టబడిన ఆల్విన్ నిస్సాన్ బండ్ల ఇంజనులుకూడ పాత సామానుగా దొరకసాగెను. నేరుగా జపానునుండి వచ్చిన వాడిన ఇంజనులు మద్రాసు పుదుపేట వంటి అంగళ్ళలో లభించుచుండెను. ఆ దేశమున కార్లకు నిర్బంధ పరీక్ష ఖరీదైనది. 1995 వఱకు పదేండ్లు దాటిన కారునకు ఏటేట ఆ పరీక్ష తప్పకుండెను. అందువలన ఎంతో ఆయుర్దాయము మిగిలియున్న ఇంజనులుకూడ అచట పాతయినుము క్రిందికి పోయెడివి.

ఇక పని సంగతి. గొలుసు కప్పీ వేసి ఇంజనును దింపుట ఇద్దఱు కుఱ్ఱల శ్రమ. క్రొత్త ఇంజను ఎక్కి, పొగ వదలి, యజమాని కొబ్బరికాయ కొట్టిన నాటికి పని సగమైనను కాలేదు. ఇంజను కొక దేశపు బోల్టు రంధ్రములు, గేరు బాక్సున కొక దేశపువి. రెంటి నడుమ ఇనుప ప్లేటును లేతుపై త్రిప్పించి అమర్చవలెను. ఈ ప్లేటునందే మేస్త్రీ పేరుప్రతిష్ఠ లుండెను. క్రాంకు షాఫ్టు నడిబొడ్డును, గేరు బాక్సు షాఫ్టు నడిబొడ్డును తలవెండ్రుక మందమైనను తప్పినచో, మొదటి దినమున ఏమియు తెలియదు. కొంతకాలమునకు క్లచ్చి ప్లేటు అరుగును, బేరింగు కూయును, యజమాని ఇంజను మంచిది కాదని అమ్మినవానిని తిట్టును. డీజిలు అదురునకు పాత ఫౌండేషన్ రబ్బర్లు ఆగవు గనుక వానిని మార్చవలెను. అడుగున నూనె తొట్టి క్రాసు మెంబరునకు తగులకుండ ఎత్తును సరిచూడవలెను. ప్రొపెల్లర్ షాఫ్టును కోసి, అతికించి, తూకము కుదుర్పవలెను. ముందు టార్షన్ బార్లు అదనపు బరువునకు క్రుంగకుండ బిగింపవలెను. గేరు బాక్సుకూడ మాఱినచో స్టీరింగు ప్రక్కనున్న గేరు కడ్డీ నిరుపయోగమై, కారు నేలను కోసి క్రిందినుండి గేరు తేవలసివచ్చును. డీజిలు ఇంజను తాళము త్రిప్పినంతమాత్రమున ఆగదు; పంపును మూయుటకు డాష్‌బోర్డు క్రింద వేఱొక తీగ నమర్చవలెను. ఇవన్నియు కుదిరినను రోహిణి కార్తె యొకటి కలదు. మాఘమున చక్కగా నడచిన బండి, రేడియేటరు చాలక, రోహిణి ఎండలో నరసరావుపేట దాటకమునుపే మరగును. పని ముగిసినదని ఆ ఎండ గడిచిన పిదపనే అనుభవజ్ఞుడైన మేస్త్రీ ఒప్పుకొనెడివాడు. అంతకుముందు పూర్తి మజూరి అడిగినవానిని నమ్మరాదని నేనును అందును. 1990ల ఆరంభమున హిందుస్తాన్ మోటార్సువారే అంబాసిడరునకు 1800 సి.సి. ఇసుజు పెట్రోలు ఇంజనును, ఐదు గేర్లను అమర్చి అమ్మిరి. షెడ్లలో సాగుచుండిన ఆలోచనయే కర్మాగారపు ముద్రతో వచ్చినది.

కాగితముల పని దీనికంటె మెల్లనిది. 1989 జూలై 1న అమలులోనికి వచ్చిన మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనున బండిలో మార్పులను గూర్చిన నియమములు గలవు. ఇంజను మాఱినచో క్రొత్త నంబరును, ఇంధనము మాఱినచో ఆ సంగతిని సి బుక్కున ఎక్కింపవలెను. నంబరుపై కాగితమును పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి చూపవలెను. ఆ శ్రమకు ఓర్వక కొందఱు బుక్కున పెట్రోలు కారుగానే నిలిపి డీజిలు పోయించుచుండిరి. ఈ ఉపేక్షను నేను సమర్థింపజాలను. ఆ బండి ప్రమాదమున చిక్కినచో బీమా కంపెనీ మొదట చూచునది ఆ నంబరునే.

ఉత్తరపారాలో అంబాసిడరు తయారీ 2014 మే నెలలో నిలిచెను. తయారీదారు నిర్ణయించిన ప్రమాణములకు విరుద్ధమైన మార్పులు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పుటతో, వేఱు ఇంధనపు పరజాతి ఇంజనును పాత కారున కెక్కించుటకు దారి ఇంచుమించు మూసికొనిపోయెను. అదే కంపెనీవారి, అదే రకపు ఇంజనును మాత్రము అనుమతితో మార్చుకొనవచ్చును. కావుననే నేడు ముచ్చటపడి పాత అంబాసిడరు కొనువారు రంగును, గద్దెలను చూచుటకు ముందు బానెట్టెత్తి, ఇంజనుపై నంబరును సి బుక్కులోని నంబరుతో పోల్చుకొనుచున్నారు.